గోధుమ మానేసినా ఆగని కడుపునొప్పి: విజయనగరంలో ఒక వంటింటి ప్రాజెక్టు డైరీ

జూన్ మొదటి వారం: పని ఎక్కడ మొదలైంది

పాపకు ఎనిమిదేళ్లు, బరువు 21 కిలోలు. రక్తపరీక్షలోనూ ఎండోస్కోపీలోనూ సీలియాక్ జబ్బని (గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల పేగు లోపలి పొర దెబ్బతినే జబ్బు) తేలాక, డిసెంబరు నుంచి గోధుమ పూర్తిగా మానేసింది. విరేచనాలు కట్టాయి, ఆకలి పుట్టింది, బరువు పెరుగుతోంది. కడుపునొప్పి ఒక్కటే వదల్లేదు. వారంలో సగం రోజులు బొడ్డు చుట్టూ నొప్పి. ఒక్కోసారి పది నిమిషాల్లో పోతుంది, ఒక్కోసారి గంటసేపు ఉంటుంది.

ఇలాంటప్పుడు ఇంట్లో ఎవరికైనా తోచేది ఒకటే: ఇంకేదో పడట్లేదు, అదీ మాన్పిద్దాం. ముందు పాలు, తరువాత పప్పు, ఆ పైన గుడ్డు, వేరుశెనగ. నెల తిరిగేసరికి కంచంలో తెల్లన్నం, చారు మిగులుతాయి. పెరిగే పిల్లకు అది నొప్పికంటే పెద్ద హాని. అందుకే ఈ డైరీకి మొదటి కట్టుబాటు ఇది: రాసి చూడకుండా ఏదీ మాన్పించకూడదు. ఒకసారి ఒక్క మార్పే చేయాలి, దానికి రెండు వారాలు గడువివ్వాలి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

వెతికే వరస కూడా ముందే అనుకోవాలి. మొదట, తెలియకుండా కడుపులోకి పోతున్న గోధుమ. తరువాత మలబద్ధకం. తరువాత పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగకపోవడం. అవేవీ కాకపోతే, పేగు మానినా దాని నరాలు చిన్న కదలికను కూడా నొప్పిగా అందుకునే స్థితి. దీన్నే డాక్టర్లు ఫంక్షనల్ నొప్పి అంటారు. నులిపురుగులు, జియార్డియా (పేగులో చేరే ఒక సూక్ష్మజీవి) కోసం మలపరీక్ష ఈ వెతుకులాటకు ముందే చేయించేస్తే ఆ అనుమానం పక్కకు పోతుంది. ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ బడుల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర నులిపురుగులకు పనిచేస్తుంది గాని, ఒక్క మాత్రతో జియార్డియా పోదు.

ఇంకా పరీక్ష చేయించని ఇళ్లవాళ్లకు ఒక మాట, ఇది చాలా ముఖ్యం. "కొన్నాళ్లు గోధుమ మాన్పించి చూద్దాం" అని ముందే మొదలెట్టకండి. సీలియాక్ యాంటీబాడీలను కొలిచే టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష, దానితోపాటు మొత్తం ఐజీఏ, రెండూ బిడ్డ గోధుమ తింటూ ఉండగానే చేయాలి. మానేశాక యాంటీబాడీలు తగ్గిపోతాయి, జబ్బున్నా లేనట్టే వస్తుంది. ఉత్తర భారతంలో ఈ జబ్బు సుమారు వందలో ఒకరికి కనిపిస్తుంది. అన్నం తినే మన దక్షిణాదిలో చాలా అరుదు. కాబట్టి మన జిల్లాల్లో పిల్లలకు మాటిమాటికీ వచ్చే కడుపునొప్పి చాలావరకు సీలియాక్ కాదు, గోధుమ మాన్పిస్తే పోయేదీ కాదు.

డైరీ పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. బరువు తగ్గడం, ఎత్తు ఎదగకపోవడం, మలంలో రక్తం, ఆగని వాంతులు, ముఖ్యంగా ఆకుపచ్చగా పడే వాంతి, నిద్రలోంచి లేపే నొప్పి, బొడ్డుకు దూరంగా ఒకే చోట, అందులోనూ కుడివైపు కింద నిలిచే నొప్పి, కారణం తెలియని జ్వరం, కీళ్లవాపు, మలద్వారం దగ్గర పుండు. ఈ పాపకు ఇవేవీ లేవు. ఉంటే ఈ ప్రాజెక్టు మొదలయ్యేదే కాదు.

జూన్ రెండో వారం: నొప్పి పుస్తకం

చిన్న నోటుపుస్తకం చాలదు, గీతలు గీసిన పెద్ద పుస్తకం కావాలి. ఒక్కో నొప్పికి ఒక్కో వరస. గడులు ఇవి: మొదలైన సమయం, ఎంతసేపు, ఎక్కడ (పాప ఒక్క వేలితో చూపించాలి, అరచేత్తో కాదు), ఎంత గట్టిగా, అంతకుముందు ఇరవై నాలుగు గంటల్లో తిన్నవి, చివరిసారి దొడ్డికి ఎప్పుడు వెళ్లింది, అది ఎలా ఉంది, ఆ రోజు బడి ఉందా సెలవా, ఏం చేస్తే తగ్గింది.

నొప్పి తీవ్రతకు ఆరు ముఖాల బొమ్మలు వాడాలి. నొప్పి లేని ముఖానికి 0, ఆ తరువాత 2, 4, 6, 8, చివరి ముఖానికి 10. నాలుగేళ్లు దాటిన పిల్లలు దీన్ని బాగా చూపించగలరు. అంకె అడిగితే చాలామంది అలవాటుగా పదే చెబుతారు. మలం రకానికి బ్రిస్టల్ పటం: 1 అంటే మేకపెంటికల్లా విడివిడి ఉండలు, 2 ఉండలు అతికిన గట్టి ముద్ద, 3, 4 మామూలు, 5 నుంచి 7 దాకా పలచబడుతూ పోతాయి. ఎనిమిదేళ్ల పిల్ల దొడ్డిని తల్లి రోజూ చూడదు కాబట్టి పటాన్ని దొడ్డి తలుపు లోపలివైపు అతికించి, అంకె పాపనే చెప్పమనాలి. రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

ఒక హెచ్చరిక. పుస్తకం నింపాలని గంటకోసారి "నొప్పుందా?" అని అడగకూడదు. పాప తనంతట చెప్పినప్పుడే రాయాలి. అడిగేకొద్దీ పిల్లల దృష్టి కడుపు మీదే నిలుస్తుంది, నొప్పి పెరుగుతుంది. పరిశోధనల్లోనూ తేలిన సంగతే ఇది.

జూన్ మూడో వారం: వంటింటి తనిఖీ

ఉత్తరాంధ్ర వంటింటికి ఒక అదృష్టం ఉంది. అన్నం, చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు), జొన్న, సామలు, పప్పులు, ఇడ్లీ, పెసరట్టు, దిబ్బరొట్టె, చోడి అంబలి, చెగోడీ, అరిసె, పూతరేకు: వీటి అసలు తయారీలో ఎక్కడా గోధుమ లేదు. ఖరీదైన గ్లూటెన్ ఫ్రీ పాకెట్ ఒక్కటీ కొనక్కర్లేకుండా బిడ్డను పెంచవచ్చు. చపాతీ, పూరీ, బొంబాయి రవ్వ ఉప్మా, సేమ్యా, బ్రెడ్డు, రస్కు, బిస్కెట్టు, మైసూరు బజ్జీ, కజ్జికాయ, గవ్వలు, బొబ్బట్టు, పానీపూరీ, ఐస్‌క్రీం కోను పోవాలి. అవి డిసెంబరులోనే పోయాయి. తనిఖీ చేయాల్సింది వాటి వెనక దాక్కున్నవాటిని.

మొదట లెక్క కావాలి. లెక్క లేకపోతే భయపడాల్సినదానికి భయపడరు, అక్కర్లేనిదానికి భయపడతారు. గోధుమపిండిలో వంద గ్రాములకు సుమారు 8 గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. సీలియాక్ ఉన్నవాళ్లలో రోజుకు 10 మిల్లీగ్రాముల లోపైతే పేగుకు హాని జరిగే అవకాశం తక్కువని, రోజూ 50 మిల్లీగ్రాములు పోతూ ఉంటే మూడు నెలల్లో పేగు మళ్లీ దెబ్బతింటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. మన దేశంలో పాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. అంటే అలాంటి పిండి వంద గ్రాములు తింటే గరిష్ఠంగా 2 మిల్లీగ్రాములు.

ఇప్పుడు ఒక్కొక్కటి లెక్కేయండి. ముప్ఫై గ్రాముల పిండితో చేసిన ఒక చపాతీలో 2,400 మిల్లీగ్రాములు. ఐదు గ్రాముల మైదా ఉన్న చిన్న బిస్కెట్టులో 400. డబ్బా ఇంగువలో అసలు ఇంగువ కొంతే, మిగతాది బంక, పిండి. ఆ పిండి చాలా రకాల్లో గోధుమది లేదా మైదా. చిటికెడు అంటే పావు గ్రాము, అందులో సగం మైదా అనుకుంటే 10 మిల్లీగ్రాముల గ్లూటెన్. కుండెడు పప్పు నలుగురు తింటే పాప వాటా రెండున్నర. ఒక్క పప్పుతో ప్రమాదం లేదు. కానీ పప్పులో, చారులో, మజ్జిగపులుసులో, పచ్చట్లో, పులిహోరలో, ఆవకాయలో రోజంతా ఇంగువే ఉంటే పది దాటుతుంది. పరిష్కారం సులువు: పెట్టె వెనక రాసింది చదివి, బియ్యప్పిండి కలిపినది గాని, గోధుమ లేదని రాసినది గాని కొనడం. లేదా ఇంగువ మానేసి వెల్లుల్లి తాలింపు పెట్టడం.

అసలు దొంగ పిండిమిల్లు. ఈ ఇంట్లో చోళ్లు కడిగి, ఎండబెట్టి, వీధి చివర మిల్లులో ఆడించి తెస్తున్నారు. చోళ్లలో గోధుమ లేదు, ఆడించిన పిండిలో ఉంది. అదే మిల్లులో అంతకుముందు ఎవరో గోధుమలు ఆడించుకుని వెళ్తారు; రాళ్ల మధ్య, తొట్టి మూలల్లో, పిండి జారే గుడ్డ గొట్టంలో కొంత మిగిలిపోతుంది. మన కిలో చోడిపిండిలో ఐదు గ్రాముల గోధుమపిండి కలిసిందనుకోండి, కంటికి తెలియదు, నాలుకకూ తెలియదు. కానీ ఆ కిలోలో 400 మిల్లీగ్రాముల గ్లూటెన్ చేరింది; అనుమతించిన పరిమితికి ఇరవై రెట్లు. పాప పొద్దున్న ముప్ఫై గ్రాముల పిండితో జావ తాగితే 12 మిల్లీగ్రాములు. అది రోజూ. బలమని తాగించే జావే పరిమితి దాటించేస్తోంది.

"మా మిల్లులో ముందుగా కాసిని బియ్యం వేసి కడిగేస్తాం" అంటారు. దానివల్ల కలిసేది తగ్గుతుంది, పోదు. ఊళ్లో బియ్యం మాత్రమే ఆడించే మిల్లు ఉంటే అది మేలు. సంక్రాంతికి అరిసెల తడిపిండి కూడా అక్కడే ఆడించాలి, లేదా ఇంట్లోనే. రోజువారీకి మాత్రం మిక్సీయే దారి.

ఇంట్లో చోడిపిండి ఇలా చేస్తున్నారు. కిలో చోళ్లను పెద్ద పళ్లెంలో పరిచి గోధుమ, బార్లీ గింజలు, రాళ్లు ఏరాలి. చోడిగింజ మధ్య గోధుమగింజ ఏనుగులా కనిపిస్తుంది, ఏరడం తేలిక. నీళ్లు తేటగా వచ్చేదాకా నాలుగైదుసార్లు కడగాలి, ఇసుక అడుగున దిగుతుంది కాబట్టి పైనుంచి దేవుకోవాలి. ఎనిమిది నుంచి పది గంటలు నానబెట్టి, వడగట్టి, తడిగుడ్డలో మూటకట్టి ఒక రోజు ఉంచితే మొలక ముక్కులు వస్తాయి. వర్షాకాలంలో అంతకుమించి ఉంచితే పులిసి, జిగురొచ్చి, బూజు పడుతుంది. నీడలో పరిచి ఫ్యాను కింద ఆరబెట్టాలి. గింజ పంటికింద పటుక్కుమనాలి, మెత్తగా నలిగితే ఇంకా తడి ఉన్నట్టే. చిన్నమంట మీద దోరగా వేయించి, చల్లారాక మిక్సీ గిన్నెలో మూడో వంతు మాత్రమే వేసి ఆడాలి. నిండా వేస్తే బ్లేడు తిరగక గింజ వేడెక్కి పిండి చేదెక్కుతుంది. జల్లెడ కొత్తది కొనాలి. గోధుమపిండి జల్లించిన పాత జల్లెడ కన్నాల్లో పిండి ఎన్నిసార్లు కడిగినా పోదు.

జావకు రెండు పెద్ద చెంచాల పిండిని ముందు అర గ్లాసు చల్లటి నీళ్లలో కలిపి, మరుగుతున్న గ్లాసు నీళ్లలో పోస్తూ తిప్పాలి, ఆరేడు నిమిషాలు ఉడకాలి. పిండిని నేరుగా వేడినీళ్లలో వేస్తే పైపొర ఉడికి లోపల పచ్చిగా ఉండ కడుతుంది. ఆ పచ్చి ఉండలు కూడా కొందరు పిల్లలకు కడుపుబ్బరం తెస్తాయి.

జొన్నరొట్టె విరిగిపోతోందని ఇంట్లో ఫిర్యాదు. గోధుమపిండిని పట్టి ఉంచేది గ్లూటెనే, జొన్నలో అది లేదు. ఇక్కడ ఆ పని ఉడికిన పిండిపదార్థం చేయాలి. అందుకని కప్పు పిండికి ఇంచుమించు కప్పు నీళ్లు బాగా మరిగించి పోసి, గరిటెతో కలిపి, మూతపెట్టి ఐదు నిమిషాలు ఉంచి, చేయి ఓర్చుకోగలిగిన వేడిలోనే గట్టిగా మర్దించాలి. గోరువెచ్చటి నీళ్లతో కలిపితే అంచులు చీలతాయి, అంతే కారణం.

మిగతా వంటింటి సామాను సంగతి. పాత చపాతీ కర్ర, పీట, చెక్క గరిటెలు తీసేశారు. స్టీలు గిన్నెలు సబ్బుతో తోమితే చాలు, కొత్తవి అక్కర్లేదు. గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనం పాపకు వాడకూడదు. ఇనప పెనం విడిగా ఒకటి పెట్టుకోవాలి. పూరీలు వేయించిన నూనెలో పాప అప్పడాలు వేయించకూడదు.

పాకెట్ల మీద చూడాల్సిన మాటలు: వీట్, మైదా, ఆటా, సూజీ, సెమొలినా, బార్లీ, మాల్ట్, రై (ధాన్యం, ఆవాలు కాదు). మాల్ట్ అంటే సాధారణంగా బార్లీ నుంచి వచ్చినది; పాలలో కలిపే చాలా పొడులు, ఎక్కువ రకాల కార్న్‌ఫ్లేక్స్ దీనివల్లే పనికిరావు. మాల్టోడెక్స్ట్రిన్ అనేది వేరు, దానికి భయం లేదు. రాగి మాల్ట్ అని అమ్మే పాకెట్లలో కొన్ని ఒట్టి చోడిపిండి, కొన్నిట్లో గోధుమ, బార్లీ కూడా కలుపుతారు, చదవకుండా కొనకూడదు. సోయా సాసు గోధుమతో చేస్తారు. ఓట్స్ పొలంలోనూ మిల్లులోనూ గోధుమతో కలుస్తాయి. పేగు మానేదాకా జోలికి పోకపోవడం మంచిది.

జూలై మొదట్లో: టీటీజీ

డిసెంబరులో పరిమితికి పది రెట్లు దాటిన టీటీజీ ఇప్పుడు మూడు రెట్లు. ఆరు నెలలకు ఇది సరైన దారే. పూర్తిగా మామూలుకు రావడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. అయితే ఈ పరీక్షకు ఒక లోపం ఉంది, అప్పుడప్పుడూ పోయే కొద్దిపాటి గ్లూటెన్ ఇందులో తెలియకపోవచ్చు. కాబట్టి అంకె తగ్గుతోందని మిల్లుకు తిరిగి వెళ్లకూడదు.

మిల్లుపిండి, పాత ఇంగువ మానేశాక పుస్తకంలో కడుపుబ్బరం తగ్గింది. నొప్పి రోజులు కాస్తే తగ్గాయి. ఇక్కడే చాలామంది మళ్లీ తిండిలో వెతకడం మొదలెడతారు. పుస్తకం అలా చెప్పట్లేదు. వరసలు పక్కపక్కన పెట్టి చూస్తే మూడు సంగతులు కనబడ్డాయి: నొప్పి ఎక్కువగా తిన్న అరగంట లోపల వస్తోంది, ఏం తిన్నా సరే, దొడ్డికి వెళ్లొచ్చాక తగ్గుతోంది, బ్రిస్టల్ గడిలో 1, 2 తప్ప వేరే అంకె అరుదు. రెండు మూడు రోజులకోసారి వెళ్తోంది. తిన్నాక పెద్దపేగు కదలడం సహజం. గట్టి మలం అడ్డుపడి ఉంటే ఆ కదలికే నొప్పి అవుతుంది. డాక్టరు పొట్ట నొక్కి చూసినప్పుడు ఎడమవైపు కింద గట్టి ఉండలు చేతికి తగిలాయి.

జూలై, ఆగస్టు: మలబద్ధకం

గోధుమ మానేస్తే మలబద్ధకం ఎందుకొస్తుంది? గోధుమపిండి వంద గ్రాముల్లో 11 గ్రాముల పీచు ఉంది, పాలిష్ బియ్యంలో 3 కూడా లేదు. చపాతీ తీసేసి ఆ చోట తెల్లన్నం పెట్టిన ఇళ్లలో పీచు తగ్గిపోతుంది. చోళ్లలో 11, జొన్నలో 10, గంటెల్లో 11కు పైన ఉంది. అంటే పోయిన పీచును తిరిగి తెచ్చే గింజలు మన ఊళ్లోనే పండుతున్నాయి.

పీచు ఎంత కావాలో గుర్తుంచుకోవడానికి ఒక కొండగుర్తు: వయసుకు ఐదు కలిపితే వచ్చేన్ని గ్రాములు కనీసం. ఈ పాపకు 13. రోజు లెక్క ఇలా వేశారు: బియ్యం 120 గ్రాములకు 3.4, చోడిపిండి 30 గ్రాములకు 3.4, కందిపప్పు 25 గ్రాములకు 2.3, తోటకూర 50 గ్రాములకు సుమారు 2, సగం జామకాయకు 4. మొత్తం 15. జామకాయ దొరకని రోజు పెసలు గుగ్గిళ్లో, చిలగడదుంపో. ఒకేసారి అంతా పెంచితే గ్యాసు పట్టి నొప్పి ఇంకా ఎక్కువవుతుంది, అప్పుడు ఇంట్లో "చోళ్లు కూడా పడట్లేదు" అంటారు. వారానికి మూడు గ్రాముల చొప్పున పెంచాలి. నీళ్లు, మజ్జిగ, జావ, చారు అన్నీ కలిపి రోజుకు లీటరున్నర.

అయితే పేగులో అప్పటికే గట్టిపడ్డదాన్ని పీచు కదిలించలేదు. దానికి మందు కావాలి. డాక్టరు రాసింది పాలిథిలీన్ గ్లైకాల్ పొడి. మలం గడ్డకట్టి ఉంటే మొదట రోజుకు కిలో బరువుకు 1 నుంచి 1.5 గ్రాములు, మూడు నుంచి ఆరు రోజులు. తరువాత రోజుకు కిలోకు 0.4 గ్రాములు, అంటే ఈ పాపకు సుమారు 8 గ్రాములు, గ్లాసు నీళ్లలో పూర్తిగా కరిగించి తాగించాలి. కొన్ని పాకెట్లలో లవణాలు కలిపి ఉంటాయి, కొన్నిట్లో ఉండవు, మోతాదు తేడా వస్తుంది. అందుకే పాకెట్ పేరు డాక్టరుకు చూపించే వాడాలి. ఈ పొడి పేగుకు అలవాటుపడే మందు కాదు, రక్తంలోకి దాదాపుగా పోదు, నీటిని మలంలో పట్టి ఉంచుతుంది, అంతే.

ఇక్కడ అందరిళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. పది రోజుల్లో మెత్తగా రాగానే మందు ఆపేస్తారు. నెలల తరబడి సాగిపోయిన పెద్దపేగు తిరిగి బిగువు తెచ్చుకోవడానికి సమయం పడుతుంది. కనీసం రెండు నెలలు వాడాలి, ఇబ్బందులన్నీ పోయి ఒక నెల గడిచాకే మెల్లగా తగ్గించాలి. గట్టిమలం వస్తున్న పిల్లకు లోదుస్తుల్లో పలచగా మరక పడితే విరేచనమనుకుని మందు ఆపకూడదు. అది అడ్డుపడ్డ ముద్ద పక్కనుంచి జారినది.

కూర్చోవడం కూడా చికిత్సే. పొద్దున్న జావ తాగాక, రాత్రి భోజనమయ్యాక ఐదు నుంచి పది నిమిషాలు. నేలదొడ్డి అయితే గొంతుకూర్చోవడం వల్ల దారి తిన్నగా తెరుచుకుంటుంది. కమోడైతే పాదాల కింద ఎత్తుపీట వేయాలి, మోకాళ్లు నడుముకంటే పైకి రావాలి. వచ్చినా రాకపోయినా కూర్చున్నందుకే మెచ్చుకోవాలి.

బడిలో దొడ్డికి వెళ్లడానికి ఆడపిల్లలు ఇష్టపడరు. గడియ లేదనో, నీళ్లు లేవనో పొద్దుటినుంచి సాయంత్రం దాకా బిగబడతారు. మంచినీళ్లు కూడా తాగరు. టీచరమ్మతో మాట్లాడి, అడగకుండానే వెళ్లడానికి అనుమతి, టీచర్ల దొడ్డి వాడుకునే వీలు అడిగారు. ఈ చిన్న ఏర్పాటు మందుతో సమానంగా పనిచేసింది.

ఆగస్టు చివరికి బ్రిస్టల్ గడిలో 3, 4 అంకెలే ఎక్కువ. నొప్పి వారంలో ఒకటి రెండు రోజులకు దిగింది.

సెప్టెంబరు: పాలు

సీలియాక్‌లో పేగు లోపలి పొర దెబ్బతిన్నప్పుడు లాక్టోజ్‌ను అరిగించే ఎంజైము కూడా తగ్గుతుంది. పొర మానాక తిరిగి వస్తుంది. కాబట్టి పాలు మాన్పించడం రెండు వారాల పరీక్షే, శాశ్వత నియమం కాదు. పాలు, పాలపొడి, పాలకోవా ఆపి, పెరుగు మజ్జిగ ఉంచారు; తోడుకున్నాక లాక్టోజ్ తగ్గుతుంది. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లకు రోజుకు 650 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 30 గ్రాముల చోడిపిండిలో 109, పది గ్రాముల నువ్వుల్లో సుమారు 128, మిగతాది పెరుగు, ఆకుకూరలు, ముల్లుతో నమిలే మెత్తళ్లు. పాలు ఆపినా మిగిలిన నొప్పిలో తేడా రాలేదు. గ్లాసు పాలు తిరిగి మొదలెట్టారు. తేడా లేదని తేలడం కూడా ఫలితమే. ఒక పదార్థం పాప కంచంలోకి తిరిగి వచ్చింది.

దసరా, సిరిమాను వారం

పండగలు విడిగా రాసుకోవాలి. ఇంటి తిండి ఎంత శుభ్రంగా ఉన్నా ఈ వారంలో నాలుగు చేతులనుంచి నాలుగు పొట్లాలు వస్తాయి. అన్నవరం ప్రసాదం గోధుమరవ్వతో చేసినది. సత్యనారాయణ వ్రతం ప్రసాదమూ అంతే. ఇంట్లో చేసుకుంటే బియ్యపురవ్వతో అదే పాళ్లలో నెయ్యి, బెల్లం వేసి చేయవచ్చు. మాడుగుల హల్వా గోధుమపాలతో చేస్తారు. ప్రసాదం కాదనకూడదని పెద్దవాళ్లకు బాధ ఉంటుంది, అది అర్థం చేసుకోవాల్సినదే. కళ్లకద్దుకుని అమ్మకు ఇవ్వమని పాపకు చెప్పాలి, "కొంచెమే కదా, దేవుడి ప్రసాదం ఏం చేయదు" అనే నాయనమ్మకు మాత్రం బిస్కెట్టు లెక్క చూపించాలి. ఇంటి పిండితో చేసిన చలిమిడి, వడపప్పు, కొబ్బరి, అరటిపండు, చక్రపొంగలి నిశ్చింతగా పెట్టవచ్చు. పులిహోరలో ఏ ఇంగువ పడిందో తెలియదు.

విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం తిరునాళ్లలో బజ్జీలబండి దగ్గర శెనగపిండి బజ్జీ కూడా వద్దు, మైదా బజ్జీ వేగిన నూనెలోనే వేగుతుంది. పాప సంచిలో పలాస జీడిపప్పు, నువ్వుండలు, వేరుశెనగ చిక్కి, మరమరాల ఉండలు ముందే సర్దారు. పక్కవాళ్లు తింటుంటే చూస్తూ నిలబడే పరిస్థితి పిల్లకు రానివ్వకూడదు. బడిలో పుట్టినరోజు కేకుకు కూడా ఇదే ఉపాయం: టీచరు బల్లలో పాప పేరుతో ఒక డబ్బా, అందులో తనకిష్టమైన మిఠాయి, నెలకోసారి నింపాలి.

హోటలైతే ఇడ్లీ, కొబ్బరిచట్నీ. సాంబారులో ఇంగువ ఉంటుంది. రవ్వదోశలో మైదా, బొంబాయి రవ్వ రెండూ పడతాయి, పెసరట్టు మధ్య పెట్టే ఉప్మా గోధుమదే. మామూలు దోశ కూడా పరోటాలు కాల్చిన పెనం మీద వేస్తే పనికిరాదు.

నవంబరు: మిగిలిన నొప్పి

ఇప్పుడు పుస్తకంలో మిగిలినవి సోమవారం పొద్దున్నవి, పరీక్షల ముందువి. సెలవుల్లో దాదాపు లేవు. దీన్ని చూసి "బడి ఎగ్గొట్టడానికి నాటకం" అనడం తప్పు, అన్యాయం కూడా. నెలల తరబడి మంటతో ఉన్న పేగు నరాలు మంట ఆరాక కూడా కొన్నాళ్లు అతిగానే స్పందిస్తాయి. ఆందోళన ఆ స్పందనను పెంచుతుంది. నొప్పి నిజం, పేగులో గాయం లేదు. రెండూ ఒకేసారి నిజం కావచ్చని పాపకు చెప్పాలి, ఇంట్లోవాళ్లు కూడా నమ్మాలి.

నొప్పి రోజున చేసే పని ఇలా స్థిరపడింది. "తెలుసమ్మా, నొప్పిగా ఉంది కదా" అని ఒక్కసారి అంటారు. దొడ్డికి కూర్చోమంటారు. వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద చిన్న పుస్తకం పెట్టి, అది పైకి లేచేలా ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ నోటితో వదలడం, ఐదు నిమిషాలు. గుడ్డ చుట్టిన వేడినీళ్ల సంచి, చర్మం కాలనంత వేడి. తరువాత మాట మార్చి ఆటలోకో బొమ్మల్లోకో దింపడం. బడి మానకూడదు, ఆలస్యంగానైనా వెళ్లాలి. ఇంట్లో ఉండిపోయిన రోజు టీవీ, ఫోను ఉండవు, అది శిక్షగా కాదు, జబ్బురోజు సంబరంగా మారకుండా ఉండటానికి. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పిమాత్రలు ఇవ్వకూడదు, కడుపు పొరకు చెడు చేస్తాయి. ఇంతటితోనూ తగ్గకపోతే పిల్లల కడుపునొప్పికి మానసిక నిపుణులు నేర్పే పద్ధతులున్నాయి, వాటితో మేలు జరుగుతుందని రుజువైంది.

ముఖాల అంకె 6, 8 నుంచి 2, 4కు వచ్చింది. పాప ఇప్పుడు శ్వాస తనంతట మొదలెడుతోంది.

డిసెంబరు: చేయాల్సినవి

పొడి 8 గ్రాముల నుంచి 6కు తగ్గించారు. బ్రిస్టల్ 3, 4లో నిలిస్తే రెండు వారాలకు 4. మళ్లీ 1, 2 కనిపిస్తే వెనక్కి వెళ్లడమే, ఓడిపోయినట్టు కాదు. ఏడాది పరీక్షలు: టీటీజీ, రక్తకణాల లెక్క, ఒంట్లో ఇనుము నిల్వ చూపే ఫెరిటిన్, విటమిన్ డి, బి12, థైరాయిడ్. ఎత్తు, బరువు ఎదుగుదల పటం మీద చుక్కపెట్టాలి. నొప్పి పుస్తకంకన్నా ఆ గీతే పేగు మానిందో లేదో బాగా చెబుతుంది.

ఇంకొకటి మిగిలింది, ఐదేళ్ల తమ్ముడు. సొంత అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, తల్లిదండ్రులకు ఈ జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ, ఇంచుమించు పదిమందిలో ఒకరికి. లక్షణాలు లేకపోయినా పరీక్ష చేయించాలి. చిక్కేమిటంటే ఏడాదిగా ఇంట్లో గోధుమే లేదు, ఈ స్థితిలో వాడి రక్తం తీస్తే ఫలితం నమ్మలేం. కాబట్టి జనవరి మొదలు ఆరు వారాలు వాడు రోజూ రెండు పూటలు గోధుమ తినాలి: పొద్దున్న వీధి చివర అమ్మమ్మగారింట్లో చపాతీ, సాయంత్రం అక్కడే బ్రెడ్డో ఉప్మానో. తిన్నాక చేతులు, మూతి సబ్బుతో కడుక్కుని ఇంటికి రావాలి. ఆ ఆరు వారాలూ నిండాక రక్తపరీక్షకు విశాఖ వెళ్తారు. లేదని వచ్చినా అక్కడితో అయిపోదు. కొన్నేళ్లకోసారి, ఎదుగుదల తగ్గినా రక్తహీనత కనిపించినా వెంటనే, మళ్లీ చేయించాలి.